క్రూయిజ్ షిప్పులోకి మన సీసా తీసుకెళ్లాలంటే: వైన్, విస్కీ, కూల్‌డ్రింకులు, మంచినీళ్ల సంగతి

విస్కీ గానీ బ్రాందీ గానీ బీరు గానీ సంచిలో పెట్టుకుని క్రూయిజ్ ఎక్కేద్దాం అనుకుంటుంటే ఆ ఆలోచన ఇక్కడే మానేయండి. చాలా కంపెనీలు పైకి రానిచ్చేది వైన్ ఒక్కటే, షాంపేన్ లాంటి నురగ వైన్ కూడా అందులోకే వస్తుంది. అదీ మనిషికి ఒక్క సీసా, 750 ఎంఎల్, సీల్ తీయనిది, ఓడ ఎక్కే రోజు మాత్రమే, చేతి సంచిలోనే. ఇది గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఏ కంపెనీ ఓడ, ఏ ఊళ్లో ఎక్కుతున్నారు, సీసా ఎక్కడ కొన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి క్రూయిజ్‌కి వెళ్లేవాళ్లు ఎక్కువగా మూడు దారుల్లో వెళ్తున్నారు. విశాఖకో చెన్నైకో మన దేశపు క్రూయిజ్ కంపెనీ కార్డీలియా ఓడ వచ్చినప్పుడు ఎక్కేవాళ్లు కొందరు. సింగపూర్ వెళ్లి అక్కడి నుంచి మూడు నాలుగు రాత్రుల ట్రిప్ వేసుకుని పినాంగ్, ఫుకెట్ చూసి వచ్చేవాళ్లు ఇంకొందరు. ఇక అందరికంటే టెన్షన్ పడేది మూడో రకం, అంటే అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన పెద్దవాళ్లు. పిల్లలు సర్‌ప్రైజ్ అంటూ టెక్సాస్ రేవు గాల్వెస్టన్‌లోనో మయామీలోనో టికెట్లు తీసేస్తారు, నాన్నగారి రాత్రి రెండు పెగ్గుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు, ఆయనా నోరు తెరిచి అడగరు. ఈ ముగ్గురికీ రూల్స్ వేరువేరు.

ముందు విశాఖ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కార్డీలియా ఎంప్రెస్ 2022 జూన్‌లో మొదటిసారి విశాఖ వచ్చింది, 2023 సెప్టెంబరులో అక్కడ క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభించారు, కాబట్టి విజయనగరం కోట జంక్షన్‌లో బండి ఎక్కితే రెండు గంటల్లోపు ఓడ దగ్గర ఉండొచ్చు. కానీ అందులోకి బయటి మందు రానివ్వరు, వైన్ కూడా కాదు. తాగాలంటే లోపల బార్‌లోనే. ఇదే ఓడ లక్షద్వీప్ వైపు వెళ్లే ట్రిప్పులు కూడా ఉంటాయి. లక్షద్వీప్‌లో బంగారం దీవి తప్పిస్తే మద్యనిషేధం ఉంది, అందుకని పడవలో దీవికి దిగేటప్పుడు సంచిలో ఏమీ లేకుండా చూసుకోండి.

ఇప్పుడు విదేశీ ఓడలు. కంపెనీని బట్టి తేడాలు బాగానే ఉన్నాయి, టికెట్ తీసేముందే చూసుకోవడం మంచిది. రాయల్ కరీబియన్‌లో తాగే వయసున్న ఒక్కొక్కరికి ఒక 750 ఎంఎల్ వైన్ సీసా. కార్నివాల్‌లోనూ అంతే, 21 ఏళ్లు నిండిన వాళ్లకు తలా ఒకటి. ప్రిన్సెస్‌లో మనిషికి ఒక సీసా రూములో తాగడానికి ఉచితం, అదనంగా తెచ్చిన సీసాలకు ఎక్కేటప్పుడే కార్కేజీ కట్టాలి. కార్కేజీ అంటే సీసా మనదే అయినా తెరిచి పోసినందుకు వాళ్లు తీసుకునే డబ్బు. నార్వేజియన్ లెక్క వేరు, వైన్ తెచ్చుకోనిస్తుంది గానీ 750 ఎంఎల్ సీసాకు 15 డాలర్లు, 1500 ఎంఎల్ పెద్ద సీసాకు 30 డాలర్లు ఎక్కేటప్పుడే కట్టించుకుంటుంది, మీరు ఆ సీసా రూములో తలుపేసుకుని తాగినా సరే. ఎంఎస్‌సీ అయితే ఏదీ వద్దంటుంది. అందరికంటే చేతికి ఎముక లేనిది డిస్నీ, పిల్లల ఓడ అనుకుంటాం గానీ 21 దాటిన ఒక్కొక్కరు రెండు వైన్ సీసాలు గానీ ఆరు బీర్లు గానీ తెచ్చుకోవచ్చు, ఎక్కేటప్పుడే కాదు, దారిలో ఆగే ప్రతి రేవులోనూ. ఈ రూల్స్ కంపెనీలు మారుస్తూనే ఉంటాయి, కాబట్టి ప్రయాణానికి వారం ముందు కంపెనీ సొంత సైట్‌లో ఆల్కహాల్ పాలసీ అని ఉండే పేజీ తెరిచి ఒకసారి చదవండి, ఆ పేజీని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. "ఏం పర్లేదండి, అందరూ తీసుకెళ్తారు" అని ఏజెంటు చెప్పిన మాట స్కానర్ దగ్గర పనికిరాదు.

వైన్ అంటే వాళ్ల దృష్టిలో ద్రాక్షతో చేసి గాజు సీసాలో ఉన్నది. అట్టపెట్టెలో వచ్చే వైన్ చాలా ఓడల్లో కుదరదు. బ్రీజర్ వైన్ కాదు. సింగపూర్ సూపర్ మార్కెట్లో ఆకుపచ్చ సీసాల్లో కనిపించే కొరియా సోజు కూడా వైన్ కాదు, అది స్పిరిట్, అంటే విస్కీ లాంటి గట్టి మందు కింద లెక్క. ఇక మన జీలుగు కల్లు, తాటికల్లు గురించి సరదాగా అడిగేవాళ్లు కూడా ఉన్నారు. లేబుల్ లేనిది, సీల్ లేనిది, సీసాలో పొంగుతూ ఉండేది ఏదీ ఓడ ఎక్కదు. విమానమే ఎక్కదు, ఓడ దాకా ఎందుకు.

వయసు విషయంలో ఒక మెలిక ఉంది. రాయల్ కరీబియన్ లాంటి ఓడల్లో అమెరికా నుంచి బయల్దేరితే తాగే వయసు 21, ఆసియా నుంచి బయల్దేరితే 18. అంటే ఇంజినీరింగ్ చదివే ఇరవై ఏళ్ల అబ్బాయికి సింగపూర్‌లో ఒక సీసా వాటా వస్తుంది, గాల్వెస్టన్‌లో రాదు. వాడి పేరు మీద మీరు సీసా పట్టుకెళ్లడం ఇంట్లో బాగుంటుందా లేదా అన్నది మీ ఇష్టం, నేను మధ్యలోకి రాను.

సీసా ఎక్కడ కొనాలి?

సింగపూర్ వెళ్లేవాళ్లు ఇక్కడి నుంచే మోసుకెళ్లడం కంటే అక్కడ చాంగీ ఎయిర్‌పోర్టులో దిగాక, సామాను బెల్టుల దగ్గర ఉండే డ్యూటీ ఫ్రీ షాపులో కొనుక్కోవడం తేలిక, నా ఓటు దానికే. ఊళ్లోకి వెళ్లాక కొంటే పన్నులు కలిసి ధర బాగా ఎక్కువ పడుతుంది. పైగా అక్కడ 2015లో వచ్చిన చట్టం ప్రకారం రాత్రి 10:30 నుంచి పొద్దున్న 7 గంటల దాకా షాపుల్లో మందు అమ్మరు. రాత్రి తిండి తినేసి తీరిగ్గా వైన్ కొనొచ్చులే అనుకుంటే సూపర్ మార్కెట్లో ఆ అరల ముందు అడ్డం పెట్టేసి ఉంటుంది. సింగపూర్‌లోకి పన్ను లేకుండా తీసుకెళ్లగలిగేది 18 దాటిన మనిషికి మొత్తం మీద రెండు లీటర్లు, అందులో వైన్ రెండు లీటర్లూ ఉండొచ్చు, లేదా ఒక లీటరు వైన్, ఒక లీటరు విస్కీ లాంటిది. అయితే మీరు సింగపూర్ బయట 48 గంటలైనా గడిపి ఉండాలి, మలేషియా నుంచి వస్తూ ఉండకూడదు. విశాఖ నుంచి నేరుగా స్కూట్ విమానంలో వెళ్లేవాళ్లకు ఈ రెండూ సమస్య కాదు. మందు సంగతి పక్కన పెడితే ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్, చూయింగ్ గమ్ మాత్రం సంచిలో లేకుండా చూసుకోండి, సిగరెట్లకు అక్కడ ఒక్క పెట్టెకు కూడా పన్ను మినహాయింపు లేదు. వైన్ సీసా గురించి నెలరోజులు ఆలోచించి జేబులో ఖైనీ పొట్లం మరిచిపోయే పెద్దమనుషులు మన దగ్గర తక్కువేం కాదు.

ఇక్కడి నుంచే తీసుకెళ్తాం అంటే అదీ కుదురుతుంది. నాసిక్ సులా లాంటి మన దేశపు వైన్లలో చాలావాటికి మెలితిప్పే మూతే ఉంటుంది, కార్క్ తీసే పరికరం వెతుక్కోనక్కర్లేదు. కొన్న బిల్లు దగ్గర పెట్టుకోండి. మన రాష్ట్రంలో ఎన్ని సీసాలు దగ్గర ఉంచుకోవచ్చు అన్నదానికి ఎక్సైజ్ పరిమితి ఉంది, బయట రాష్ట్రం సరుకైతే ఇంకా చిక్కు. ఇచ్ఛాపురం దాటి బరంపురంలో చవగ్గా దొరికిందని ఒడిశా సీసా తెచ్చి, దాన్ని సింగపూర్ దాకా తీసుకెళ్దాం అనుకోకండి, అది ఓడ దాకా కాదు, చెక్‌పోస్టు దాకానే వెళ్తుంది.

విమానంలో సీసా పెద్ద సూట్‌కేసులోనే వెళ్లాలి, ఎందుకంటే చేతి సంచిలో వంద ఎంఎల్ దాటిన ద్రవం ఏదైనా సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది. 24 నుంచి 70 శాతం ఆల్కహాల్ ఉన్నవి మనిషికి ఐదు లీటర్ల దాకా, సీల్ ఉన్న కంపెనీ ప్యాకింగ్‌లో సూట్‌కేసులో పెట్టొచ్చు. వైన్ మామూలుగా 12 నుంచి 14 శాతం ఉంటుంది కాబట్టి ఆ ఐదు లీటర్ల లెక్క దానికి వర్తించదు, దిగే దేశం కస్టమ్స్ పరిమితి, విమానం బరువు పరిమితి చూసుకుంటే చాలు. ఒక్కో సీసా సుమారు కిలోంపావు తూగుతుంది, కొన్ని ఇంకా ఎక్కువే. ఆవకాయ, పొడులు, తాండ్ర, పలాస జీడిపప్పు అన్నీ సర్దాక ఇరవై కిలోల్లో ఎంత మిగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సర్దేటప్పుడు సీసాను ముందు మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి తీసేసి ముడేయండి. పగిలినా చీరల మీదకి రాకుండా ఇదే కాపాడుతుంది, ఎర్ర వైన్ మరక పట్టుచీరకి అంటితే ఇంక ఆ ట్రిప్‌లో మీకు మాటలుండవు. దాని మీద మెత్తబడ్డ పాత లుంగీని చుట్టాలి, మెడ దగ్గర సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ ఒక జత సాక్సులు అదనంగా తొడగాలి, చుట్టాక సీసా మొత్తం ఒకే లావులో కనిపించాలి. సూట్‌కేసులో చక్రాల వైపు కాకుండా నడిమధ్యన పెట్టి చుట్టూ బట్టలు కూరండి. రెండు సీసాలైతే ఒకదాని పక్కన ఒకటి పెట్టొద్దు, మధ్యలో మందపాటి బట్ట ఏదైనా ఉండాలి. మూత మెలితిప్పేది కాకుండా కార్క్ ఉన్న సీసా అయితే కార్క్ తీసే పరికరం కూడా సూట్‌కేసులోనే పడేయండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు కొనడం చాలా తేలిక, కిరాణా దుకాణంలోనే వైన్ దొరుకుతుంది, పది పన్నెండు డాలర్లకు తాగదగ్గది వస్తుంది. టెక్సాస్‌లో మాత్రం ఆదివారం పొద్దున్న పది గంటల లోపు వైన్ అమ్మరు, లిక్కర్ షాపులైతే ఆదివారం తెరవనే తెరవరు. గాల్వెస్టన్‌లో ఆదివారం ఎక్కేవాళ్లు శనివారమే కొని పెట్టుకోవాలి. డాలస్ నుంచి పొద్దున్నే కారులో బయల్దేరి దారిలో కొందాంలే అనుకుంటే అక్కడ క్యాషియర్ సీసా పక్కన పెట్టేస్తుంది. జుట్టు నెరిసినా సరే వయసు చూపించమని అడగొచ్చు, పాస్‌పోర్టు జేబులో ఉండాలి.

అసలు మెలిక ఓడ ఎక్కే రోజు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. విమానంలో సీసా పెద్ద సూట్‌కేసులో ఉండాలి, ఓడకు చేతి సంచిలో ఉండాలి. అంటే ముందురోజు రాత్రి హోటల్లోనో పిల్లల ఇంట్లోనో కూర్చుని సీసాను బయటికి తీసి చేతి సంచిలోకి మార్చాలి. పొద్దున్న హడావిడిలో చేద్దాం అనుకుంటే మరిచిపోతారు, ఫోన్‌లో అలారం పెట్టుకున్నా తప్పులేదు.

ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానంటే, టెర్మినల్ దగ్గర కారు దిగగానే పోర్టర్లు పెద్ద సూట్‌కేసులు తీసేసుకుంటారు. రూము నంబరు ఉన్న ట్యాగ్ వాటికి తగిలించి ఉంటుంది, అవి స్కానర్లోంచి వెళ్లి సాయంత్రానికి మీ రూము ముందుకు వస్తాయి. అందులో సీసా కనిపిస్తే సూట్‌కేసు రాదు. అందరి సామానూ వచ్చేస్తుంది, మీ తలుపు ముందు మాత్రం ఖాళీ. తర్వాత రూములో ఒక చీటీ పెడతారు, సెక్యూరిటీ ఆఫీసుకి రమ్మని. అక్కడికి వెళ్తే వరసగా సూట్‌కేసులు, వాటి పక్కన వాటి యజమానులు నేల చూపులు చూస్తూ నిలబడి ఉంటారు, మీ ముందే తాళం తీయించి సీసా బయటపెట్టి రాసుకుంటారు. వైన్ అయినా సూట్‌కేసులో దొరికితే ఇదే తతంగం. మొదటి రాత్రి డిన్నర్‌కి కట్టుకోవాల్సిన చీర ఆ సూట్‌కేసులోనే ఉందంటే సీసా సంగతి వదిలేసి ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయాలు వేరే ఉంటాయి.

చేతి సంచిలో సీసాను పైనే పెట్టండి, అడుగున దాచినట్టు పెట్టొద్దు. స్కానర్ బెల్టు మీద పెట్టేటప్పుడే "వైన్, వన్ బాటిల్" అని చెప్పేస్తే వాళ్లు ఒకసారి పట్టుకుని చూసి ఇచ్చేస్తారు. భార్యాభర్తలిద్దరికీ రెండు సీసాలుంటే ఒక్కొక్కరి సంచిలో ఒక్కోటి పెట్టుకోండి, ఒకరి దగ్గరే రెండూ ఉంటే అనవసరంగా ప్రశ్నలు. అత్తయ్యగారు తాగకపోయినా ఆవిడ వాటా సీసా ఆవిడ పేరు మీద వస్తుంది, ఆ మాట ముందుగా ఆవిడకి చెప్పి ఒప్పించుకోవడం మాత్రం మీ బాధ్యత.

దొంగదారుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఇంట్లో ఒక బావ ఉంటాడు. "ఏటవుద్ది బావా, వాటర్ బాటిల్లో పోసుకుని మూత అంటించేస్తే ఎవడికి తెలుస్తాది" అంటాడు. అందరికీ తెలుస్తుంది. సీల్ చేసినట్టు కనిపించే నీళ్ల సీసాల్లో ఓడ్కా పోసి తెస్తున్నారని 2015లో కార్నివాల్ నీళ్లు, కూల్‌డ్రింకుల సీసాలనే ఆపేసింది, క్యాన్లు, అట్టపెట్టెలు తప్ప ఏదీ వద్దంది. అదే ఏడాది నార్వేజియన్ కూడా కూల్‌డ్రింకులు తెచ్చుకోవడం ఆపేసింది. అంటే ఈ తెలివితేటలు మన బావ ఒక్కడివే కాదు, ముందు తరం బావలు చేసిన పనికి ఇప్పుడు కార్నివాల్‌లో ఏ పాపం తెలియనివాళ్లు కూడా నీళ్ల సీసా పట్టుకెళ్లలేకపోతున్నారు. మా పిన్ని కొడుకు, సోంపేట వైపు కుర్రాడు, ఓడ బార్‌లో పనిచేస్తున్నాడు. ఉద్దానంలో షిప్పు ఉద్యోగాలకు వెళ్లిన కుర్రాళ్లకు కొదవ లేదు కదా. వాడంటాడు, "అన్నా, మౌత్‌వాష్ సీసాలో ఆకుపచ్చ రంగేసిన మందు, షాంపూ సీసాలో రమ్ము, అన్నీ సెక్యూరిటీ వాళ్లు చూసేసినవే, కొత్తగా ఎవుడూ ఏటీ కనిపెట్టలేదు" అని. దొరికితే సాధారణంగా సీసా పోతుంది. ఎక్కువ మోతాదులో ఉన్నా, గొడవ చేసినా మధ్య రేవులోనే దించేసే అధికారం వాళ్లకుంది. టికెట్ కొన్నప్పుడు మనం చదవకుండా ఒప్పుకున్న షరతుల్లో అది కూడా ఉంటుంది.

ఓడలో ఆ సీసాతో ఏం చేయాలి

మీ రూములో, బాల్కనీలో తాగితే చాలా ఓడల్లో పైసా అక్కర్లేదు. అదే సీసా డైనింగ్ హాల్‌కి తీసుకెళ్తే కార్కేజీ, సీసాకు సుమారు 15 నుంచి 20 డాలర్లు. అలాగని డైనింగ్ హాల్లో తాగొద్దని నేననను. లోపల మెనూలో వైన్ సీసా చాలావరకు 40 డాలర్ల పైమాటే, దాని మీద సర్వీస్ ఛార్జీ వేరే. మీరు 12 డాలర్లకు కొన్న సీసాకు 15 కార్కేజీ కట్టినా 27తో పోతుంది. సీసాలో మామూలుగా ఐదు గ్లాసులు వస్తాయి, ఇద్దరికి ఒక్క రాత్రికి ఎక్కువే. మిగిలితే పారబోయకండి, వెయిటర్‌కి చెబితే సీసా మెడకు మీ రూము నంబరు రాసిన చీటీ కట్టి లోపల దాస్తాడు, మర్నాడు అదే టేబుల్ దగ్గర కూర్చోగానే తెచ్చి పెడతాడు, కార్కేజీ మళ్లీ వేయడు.

తెల్ల వైన్, నురగ వైన్ అయితే చల్లగా ఉండాలి. రూములో ఉండే చిన్న ఫ్రిజ్‌ని నమ్ముకోకండి, చాలావాటిలో సీసా చల్లబడే సరికి ఓడ తిరిగి రేవుకి వచ్చేస్తుంది. రూము చూసే మనిషిని ఐస్ బకెట్ అడగండి, రోజూ సాయంత్రం పెట్టమని మొదటి రోజే చెప్పేస్తే తెచ్చి పెడుతూ ఉంటాడు. గ్లాసులు కూడా ఆయన్నే అడగండి, కార్క్ తీయడం చేతకాకపోతే సీసా ఏదైనా బార్‌కి పట్టుకెళ్తే తీసిస్తారు. దానితో నంజుకోవడానికి ఇంటి నుంచి తెచ్చిన సీల్ ప్యాకెట్ జీడిపప్పు ఉంటే ఓడలో మంచింగ్ ఖర్చు కూడా తప్పుతుంది. ఇంట్లో వండినవి, పెట్టిన పచ్చళ్లు మాత్రం చాలా ఓడలు రానివ్వవు, కంపెనీ సీల్ ఉన్న ప్యాకెట్లయితేనే. ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న రైస్ కుక్కర్, అగరుబత్తి, దీపం కూడా వద్దంటారు. టీ పెట్టుకుందామని కెటిల్ తెచ్చినవాళ్లు కూడా ఆ సెక్యూరిటీ ఆఫీసు లైన్‌లోనే నిలబడతారు, మందు తెచ్చినవాళ్ల పక్కనే.

విస్కీ తాగేవాళ్ల లెక్క

నిజం చెప్పాలంటే మన వైపు మగాళ్లలో వైన్ ఇష్టపడి తాగేవాళ్లు తక్కువ. వైన్ సీసా ఇస్తే "ఇదేటి, ద్రాక్షరసంలాగ ఉంది" అని రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేస్తారు. వాళ్లకి ఉన్న దారి ఓడలో కొనుక్కోవడమే. పెగ్గు గానీ కాక్‌టెయిల్ గానీ సుమారు 12 నుంచి 15 డాలర్లు, దాని మీద 18 నుంచి 20 శాతం సర్వీస్ ఛార్జీ. రోజుకు రెండు పెగ్గుల చొప్పున నాలుగు రాత్రులకు ఎనిమిది పెగ్గులు, పెగ్గు 14 డాలర్లు అనుకుంటే 112, సర్వీస్ ఛార్జీ కలిపితే 130 దాటుతుంది. రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దు, తాగినదంతా దిగిపోతుంది.

ఇది చూసి కొందరు అన్‌లిమిటెడ్ డ్రింక్ ప్యాకేజీ తీసేసుకుంటారు. ఓడను బట్టి, సీజన్‌ను బట్టి అది రోజుకు 60 నుంచి 100 డాలర్ల దాకా ఉంటుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. ప్యాకేజీ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మొత్తం తీసుకోవాలి, ఒక్క రోజుకు ఇవ్వరు. ఇంకో మెలిక ఏమిటంటే చాలా కంపెనీల్లో ఒకే రూములో ఉన్న పెద్దవాళ్లందరూ కొనాల్సిందే. జన్మలో ముట్టని అత్తయ్యగారికి కూడా రోజుకు 80 డాలర్లు కట్టి ఆవిడ చేత పైనాపిల్ జ్యూస్ తాగించాలి. పేరుకు అన్‌లిమిటెడే గానీ కార్నివాల్‌లో రోజుకు 15 దాటి మందు ఇవ్వరు. నా లెక్క ప్రకారం రోజుకు ఐదారు గ్లాసులు తాగేవాళ్లకే ప్యాకేజీ గిట్టుబాటు, రెండు పెగ్గుల మనిషికి గ్లాసు లెక్కన కొనుక్కోవడమే మేలు. మావయ్యగారు మొహమాటపడకుండా ఉండాలంటే పిల్లలు ముందే ఓడలో ఖర్చులకు ఉండే ఆన్‌బోర్డ్ ఖాతాలో నూటయాభై డాలర్లు వేసేసి "ఇవి వాడకపోతే వేస్ట్ అయిపోతాయి నాన్నా" అనాలి, అప్పుడు తీసుకుంటారు.

కూల్‌డ్రింకులు, నీళ్లు

మన కుటుంబాల్లో సగంమందికి అసలు ముఖ్యమైంది ఇదే. రాయల్ కరీబియన్‌లో రూముకు 12 దాకా, ఒక్కోటి 17 ఔన్సులు అంటే సుమారు 500 ఎంఎల్ మించని సీసాలు, క్యాన్లు, అట్టపెట్టెలు తెచ్చుకోవచ్చు, ఎక్కే రోజు చేతి సామానులోనే. కార్నివాల్‌లో మనిషికి 12, కానీ ఒక్కోటి 355 ఎంఎల్ మించకూడదు, సీసాలు కాకూడదు. షుగర్ ఉన్నవాళ్లకు డైట్ కోక్ క్యాన్లు, కడుపు పాడైతే తాగడానికి చిన్న అట్టపెట్టెల్లో కొబ్బరినీళ్లు, ఈ రెండూ ఈ రూల్‌కి సరిపోతాయి. నార్వేజియన్‌లో సీల్ ఉన్న శుద్ధి చేసిన నీళ్లు తప్ప ఏదీ కుదరదు.

బిస్లెరీ నీళ్లు తప్ప తాగం అనే పెద్దవాళ్లకు చెప్పండి, ఓడలో కుళాయి నీళ్లు శుద్ధి చేసినవే, రూములోనైనా బఫేలోనైనా నిశ్చింతగా తాగొచ్చు, ఉచితం. ఖాళీ స్టీల్ సీసా ఒకటి సంచిలో వేసుకెళ్తే నింపుకుంటూ ఉండొచ్చు. మామూలు కాఫీ, టీ, నిమ్మరసం లాంటివి బఫేలో ఊరికే ఇస్తారు. వాళ్ల టీ మనకి ఎక్కదు, ఆ సంగతి వేరే, అందుకే అల్లం టీ పొడి సాచెట్లు, ఇన్‌స్టంట్ కాఫీ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్లండి, పొడి రూపంలో ఉన్నవాటికి పేచీ ఉండదు, వేడినీళ్లు బఫేలో దొరుకుతాయి. చంటిపిల్లల పాలు, డాక్టరు రాసిన ద్రవాలు ఉంటే చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి, వాటిని ఆపరు.

దారిలో కొన్నవి, తిరుగు ప్రయాణం

ఫుకెట్‌లోనో బహామాస్‌లోనో దిగి అక్కడ మంచి రమ్ము చవగ్గా దొరికిందని కొంటే కొనండి, కానీ అది ఆ రాత్రి తాగడానికి కాదు. ఓడ ఎక్కే మెట్ల దగ్గరే తీసుకుని, మీ పేరు, రూము నంబరు రాసి, రసీదు ఇచ్చి దాచేస్తారు. ఓడలోని డ్యూటీ ఫ్రీ షాపులో కొన్న సీసా కూడా అంతే, చివరి రాత్రి రూముకి తెచ్చిస్తారు, లేదా ఫలానా చోటికి వచ్చి తీసుకోమంటారు. ఆ రసీదు పారేయొద్దు. ఇచ్చే వేళ కూడా చూసుకోండి, ఆ రాత్రే పెద్ద సూట్‌కేసులు తలుపు బయట పెట్టేయమంటారు కాబట్టి సీసా వచ్చేలోపు సూట్‌కేసు వెళ్లిపోతే మళ్లీ చేతి సంచిలోనే మోసుకోవాలి, విమానానికి ముందు మళ్లీ సూట్‌కేసులోకి మార్చుకోవాలి.

సింగపూర్‌లో దిగేటప్పుడు మళ్లీ అదే కస్టమ్స్ లెక్క. ఓడ ఆఖరుగా ఆగింది పినాంగ్ అయితే మలేషియా నుంచి వచ్చేవాళ్లకు మినహాయింపు లేదన్న సంగతి గుర్తుపెట్టుకుని, కస్టమ్స్ దగ్గర పన్ను కట్టాల్సినవాళ్ల ఎరుపు లైన్‌లోకి వెళ్లి అడిగి పన్ను కట్టేయడం మంచిది. అమెరికాలో దిగితే 21 దాటిన మనిషికి ఒక లీటరు దాకా కస్టమ్స్ పన్ను లేదు, గాల్వెస్టన్‌లో అయితే టెక్సాస్ రాష్ట్రం వాళ్ల బల్ల ఒకటి వేరేగా ఉంటుంది, ఆ ఒక్క లీటరు సీసాకు కూడా వాళ్ల చిన్న పన్ను కట్టి స్టిక్కర్ వేయించుకోవాలి. ఇండియాలో దిగేటప్పుడు మనిషికి రెండు లీటర్లు, విస్కీ అయినా వైన్ అయినా కలిపి. భార్యాభర్తలకు నాలుగు లీటర్లు వస్తుంది కదా అని అన్ని సీసాలూ ఒకే సూట్‌కేసులో పెట్టేయకుండా ఎవరివి వాళ్ల సామానులో సర్దుకుని, బిల్లులు పైన జేబులో పెట్టుకోండి.